సాగనంపు సాయిబు

మదనపల్లె చుట్టుపక్కల ఆడపిల్లను కన్న తల్లులకు ముక్తియార్ అంటే ఎవరో తెలియదు గానీ, సాగనంపు సాయిబు అంటే చాలు, ఇట్టే తెలుస్తుంది. తాళి కట్టేటప్పుడు ఊదేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. అప్పగింతలకు ఊదేవాడు మాత్రం ఈయనొక్కడే. పెళ్లికూతురు కారెక్కబోయే ముందు ముక్తియార్ క్లారినెట్ ఎత్తి తన సొంత పాట ఒకటి అందుకుంటాడు. దానికి మాటలూ లేవు, పేరూ లేదు. ఇరవై ఏళ్ల కిందట చెల్లెల్ని కాపురానికి పంపిన రోజున ఇంటి వెనక ఒంటరిగా కూర్చుని కట్టుకున్న పాట అది. అది మొదలైందంటే పెళ్లికూతురి సంగతి అలా ఉంచండి, అంతకుముందు గంటసేపు భోజనాల బంతి దగ్గర కొట్లాడుకున్న మగవాళ్లు కూడా కండువాలతో ముక్కులు తుడుచుకునేవాళ్లు. "ఆ సాయిబు వస్తాడా?" అని అడిగి, వస్తాడంటేనే బ్యాండు కుదుర్చుకునేవాళ్లు ఉన్నారు.

యాభై మూడేళ్ల మనిషికి ఉన్నదల్లా ఆ పాటే. మిగతా సంపాదన చెప్పుకునేంత లేదు.

బ్యాండు కూడా అతనిది కాదు. భార్య రబియా తమ్ముడు ముబారక్‌ది. ఎర్రకోట్లు, వాటి మీది జరీపట్టీలు, డ్రమ్ములు, మోసుకెళ్లే వ్యాను, అన్నీ ముబారక్‌వే. ఒక్క క్లారినెట్ మాత్రం ముక్తియార్‌ది. ముబారక్ తండ్రి కాలం నుంచి ఆ బ్యాండుకు ఒక నియమం ఉంది. పెళ్లికి పోయే బ్యాండు చావుకు పోకూడదు. చావు దగ్గర ఊదిన నోటిని పెళ్లివాళ్లు పందిరి ఛాయలకు రానివ్వరు. ఇది మసీదులో చెప్పిన మాట కాదు, పెళ్లిళ్లు చేసే రైతుల మాట. "అన్నం పెట్టేవాడి శాస్త్రమే మన శాస్త్రం" అనేవాడు ఆ పెద్దాయన. ముబారక్‌కు తండ్రి దగ్గర నుంచి వచ్చిన తెలివితేటలు అంతంతమాత్రమే గానీ, ఇది మాత్రం గట్టిగా వచ్చింది.

రెండేళ్ల కిందట మూఢం మూడు నెలలు పట్టింది. ముహూర్తాలు లేవు, బ్యాండు లేదు. ముక్తియార్‌ను పీడించింది ఆకలి కాదు, పెదవి. ఊదేవాడి పెదవి పాడి ఆవు లాంటిది, రోజూ పిండకపోతే ఎండిపోతుంది. ఇంట్లో ఊదుదామంటే పక్కవాటాలో బాలింత. మేడ మీదికి పోతే ఎదురింటి టీచరమ్మ పిల్లల పరీక్షలు. నెల తిరిగేసరికి పైస్థాయిలో స్వరం చీలడం మొదలైంది. అద్దంలో పెదవి చూసుకుంటూ కూర్చున్న మొగుణ్ని చూసి రబియా నవ్వింది. "పెళ్లిచూపులకు పోతాండావా జీ?" అంది. అతనికి నవ్వు రాలేదు. మూఢం పోయాక తొలి అప్పగింతల్లో పాట చీలితే తన బతుకు అక్కడితో సరి అని భయపడ్డాడు.

అలాంటప్పుడు కుప్పం నుంచి గంగులప్ప ఫోన్ చేశాడు. గంగులప్పది చావుమేళం. నాలుగు పలక డప్పులు, ఒక డోలు. ఊదేవాడు మంచంపట్టాడట.

"వచ్చేయప్పా. మా దగ్గర మూఢం లేదు. యముడు పంచాంగం సూడడు గదా" అన్నాడు.

కుప్పం అంటే మదనపల్లె నుంచి రెండు బస్సులు మారాలి. అక్కడ తనను ఎరిగినవాడు ఎవడున్నాడు? బళ్లో పిల్లలకు సంగీతం నేర్పడానికి పోతున్నానని ముబారక్‌కు చెప్పి, మీసం తీసేసి, టోపీ కళ్ల దాకా లాక్కుని పోయాడు. గంగులప్ప అతన్ని ఎగాదిగా చూశాడు.

"మొగాన్ని టోపీ కింద దాసినావు, బాగుండాది. పాటను యాడ దాస్తావు? ఈడ సినిమా పాటలు ఊదు, భజన పాటలు ఊదు. నీ సొంతం మాత్రం బయటికి తియ్యద్దు. అంతే నేను సెప్పేది" అన్నాడు.

అంత విడమరిచి చెప్పినా వినకపోతే ఎవరిది తప్పు?

అయిదు చావులకు బుద్ధిగా సినిమా పాటలే ఊదాడు. పెదవి తిరిగి దారికొచ్చింది. ఆరో చావు కుప్పానికి ఆవలి పల్లెలో. పోయినాయన పెద్ద రైతు. పొద్దున పది గంటలకు పాడె కడుతుంటే, కొడుకులు ముగ్గురూ ఆ పక్కనే నిలబడి బోరుబావి ఎవరి వాటాకు వస్తుందో తేల్చుకుంటున్నారు. కోడళ్లు ఎవరైనా చూసినప్పుడు ఏడుస్తున్నారు. ఏడవకుండా శవం తల దగ్గర కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతున్నది ఒక్క మనిషే, ఎనభై దాటిన ముసలామె. పోయినాయనకు చెల్లెలు. పేరు బయ్యమ్మ.

పల్లె దాటాక దింపుడు కళ్లం దగ్గర పాడెను నేలకు దింపారు. పోయినవాణ్ని చివరిసారి పేరు పెట్టి పిలిచే చోటు అది. ఆడవాళ్లు అక్కణ్నుంచి వెనక్కి తిరగాలి. పెద్దకొడుకు శవం చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలిచాడు, పొలానికి టైమైందని కూలివాణ్ని లేపినట్లు. ముక్తియార్‌కు ఒళ్లు మండింది. మనిషిని పంపే తీరు ఇదా అనుకున్నాడు. టోపీ వెనక్కి తోసి, క్లారినెట్ ఎత్తి, తన పాట అందుకున్నాడు.

ముసలాయన మీద జాలితో ఊదానని తరవాత రబియాతో చెప్పుకున్నాడు. జాలి ఉంది, కాదనను. కానీ సగం పొగరు. రెండున్నర నెలలుగా అతని పాట విన్నవాడు లేడు. వినేవాళ్లు లేకపోతే ఆ మనిషికి తాను ఉన్నాడో లేడో అనుమానం వస్తుంది.

గంగులప్ప పలక ఆపి గుడ్లురిమి చూశాడు. కొడుకులు బోరుబావి సంగతి ఆపారు. పాట అయిపోయాక బయ్యమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి అతని ఎదుట నిలబడింది. కళ్లద్దాలు దొడ్డుగా ఉన్నాయి, వాటి వెనక కళ్లు తెల్లగా ఉన్నాయి.

"యా ఊరప్పా నీది?"

"కృష్ణగిరి పక్క, అమ్మా."

"మా అన్నను ఇంట్లో పుట్టినోళ్లు పంపలా. నువ్వు పంపినావు. నేను పోయినప్పుడు నువ్వే రావల్ల, ఈ పాటే ఊదల్ల. సేతిలో సెయ్యెయ్యి."

"ఊదతానమ్మా" అని చెయ్యి వేశాడు ముక్తియార్. ఆ ముసలిచెయ్యి చాలాసేపు అతని చేతిని వదల్లేదు.

ఆమె ఊరేదో అడగలేదు. కుప్పంలో చావుకు వచ్చిన ముసలిది కుప్పం మనిషే అనుకున్నాడు. చెల్లెళ్లను దూరపు ఊళ్లకు ఇచ్చి పంపుతారని, తన పాట పుట్టిందే అందుకని, ఆ పూట తట్టలేదు. బస్సులో ఇంటికి పోతూ దారి పొడుగునా పెళ్లికొడుకులా మురిసిపోయాడు.

మూఢం వెళ్లిన వారానికే పుంగనూరులో పెళ్లి. శ్రీనివాసులు అనే ఆసామి కూతురు అంబిక పెళ్లి. సోమల వైపు పొలాలు, పుంగనూరులో టమోటా మండీ ఉన్న మనిషి. ఆయన భార్య మాధవీలత స్వయంగా మదనపల్లెకు వచ్చి ముబారక్‌తో మాట తీసుకుని పోయింది, సాగనంపు సాయిబు రాకపోతే బ్యాండే వద్దని.

పట్టపగలు పెళ్లి. కల్యాణమండపంలో మొదటి వరుసలో పెళ్లికూతురి నానమ్మను కూర్చోబెట్టారు. దొడ్డు కళ్లద్దాలు, చేతిలో కర్ర. ముక్తియార్ ఇట్టే గుర్తుపట్టాడు. బయ్యమ్మది పుట్టిల్లు కుప్పం, మెట్టినిల్లు పుంగనూరు. శ్రీనివాసులు ఆమె కొడుకు, ఇంట్లో పెళ్లి పెట్టుకుని మేనమామ చావుకు పోకుండా ఆగిపోయినవాడు.

ముబారక్‌ను పక్కకు లాగాడు. "కడుపులో బాగలేదు. అప్పగింతలకు మోసిన్‌తో ఊదించు" అన్నాడు. మోసిన్ ముబారక్ కొడుకు, రెండో క్లారినెట్.

"నీ పాట కోసమే వచ్చిన బేరం ఇది, భాయ్. నాటకాలు నక్కో" అన్నాడు ముబారక్.

నిజం చెప్పేసి ఉంటే ముబారక్ అమ్మనాబూతులు తిట్టేవాడు. తిట్టి, మోసిన్‌ను ముందుకు తోసేవాడు. అంతటితో పోయేది. ముక్తియార్ చెప్పలేదు. పాట పోతుందేమోనని భయపడి, పాటను పోగొట్టుకునే దారే పట్టాడు.

అప్పగింతల వేళకు ఒక సినిమా పాట ఎత్తుకున్నాడు. నాలుగు గమకాలు పోయాయో లేదో మాధవీలత కూతురి చెయ్యి వదిలి వచ్చింది. కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

"ఇది కాదప్పా. నీది ఊదు. దాని కోసమే గదా నిన్ను పిలిపిచ్చింది."

ముక్తియార్ ముసలామె వైపు చూశాడు. ఆమె ఇంకెటో చూసి నవ్వుతోంది. కళ్లు కనపడని మనిషి ఏం గుర్తుపడుతుందిలే అనుకున్నాడు. ముప్పై ఏళ్లు జనం చెవుల మీద బతికినవాడు, చెవులుంటాయన్న సంగతే మరిచిపోయాడు.

పాట అందుకున్నాడు. చెప్పుకోవాలి, ఆ రోజు ఊదినట్లు ఎన్నడూ ఊదలేదు. భయం వల్లనో ఏమో, ఊపిరి ఎక్కడా తెగలేదు. అంబిక తల్లి మీద పడి ఏడ్చింది. వీడియో తీస్తున్న గిరీష్ అనే కుర్రవాడు కెమెరా అతని మీదికే తిప్పాడు. సరిగ్గా అప్పుడే ముందువరుసలో కర్ర కింద పడిన చప్పుడైంది. బయ్యమ్మ రెండు చేతులూ చాచి లేచి నిలబడింది.

"ఈ పాటే! మా అన్నను సాగనంపిన పాట ఇదే గదప్పా! ఈ సాయిబే! ఈ సాయిబే!"

ఆ గొంతులో ఉన్నది సంతోషం. తప్పిపోయిన మనిషి దొరికినప్పటి సంతోషం. మండపం అంతా వినపడేట్లు ఇంకా చెప్పింది, అన్న చావుకు ఎట్లా ఊదాడో, తన చావుకూ ఊదుతానని చేతిలో చెయ్యి ఎట్లా వేశాడో, ఎంత బంగారం లాంటి మనిషో. ఒక్కో మెచ్చుకోలుకు ముక్తియార్ ఒక్కో అడుగు లోతున దిగిపోతున్నాడు.

మొదట నోరు తెరిచింది పెళ్లికొడుకు మేనత్త రామక్క. "ఏమప్పా శ్రీనివాసులూ, పీనుగ ముందర ఊదిన పాటతో మా కోడల్ని పంపిస్తాండావా?"

ఆ తరవాత ఎవరు ఏమన్నారో విడదీసి చెప్పడం కష్టం. కారెక్కబోతున్న పెళ్లికూతుర్ని ఆపి, మైల పోవాలని పట్టుచీరతోనే తల మీద నీళ్లు గుమ్మరించారు. "నా బిడ్డ ఏం పాపం చేసిందిరా నీకు?" అని మాధవీలత నేల మీద కూలబడింది. ముబారక్ నేరుగా వచ్చి, అక్క మొగుడని చూడకుండా, ముక్తియార్ చెంప మీద చాచి కొట్టాడు. కొట్టకపోతే బ్యాండును అక్కడే నిలువునా తొక్కేసేవాళ్లు. ఆ లెక్క ముబారక్‌కు బాగా తెలుసు. అయినా అంత గట్టిగా కొట్టనక్కర్లేదు.

"కోటు ఇప్పు" అన్నాడు. "అది బ్యాండుది."

ముక్తియార్ జరీపట్టీల ఎర్రకోటు విప్పి ఇచ్చాడు. లోపల చిల్లుల బనియన్. మూడువందల మంది ముందు ఆ బనియన్‌తో, చంకలో క్లారినెట్‌తో నిలబడ్డాడు. "ఇంకోసారి నా గడప దిక్కు కనపడితే కాళ్లు ఇరగ్గొడతా" అన్నాడు శ్రీనివాసులు.

"ఆయప్పను యాల కొడతాండారు? నేను మంచే సెప్పినాను గదా!" అని ముసలామె అందరినీ అడుగుతోంది. మంచే చెప్పింది. ఆ పాటను నిజంగా విన్న మనిషి ఆ మండపంలో ఆమె ఒక్కతే.

ముబారక్ మళ్లీ పిలవలేదు. వేరే బ్యాండులేవీ చేర్చుకోలేదు. సాగనంపు సాయిబు కాస్తా నెల తిరక్కుండా పీనుగుల సాయిబు అయ్యాడు. సరే, ఆ పేరైనా మిగిలింది గదా అని కుప్పానికి ఫోన్ చేశాడు.

"కృష్ణగిరి అని సెప్పినావంట ముసలామెకు. మాతో నిలబడేదానికి నీకు సిగ్గు. ఆ సిగ్గును మేము రోజూ మొగాన పూసుకొని బతకతాండాము గదప్పా. వద్దులే" అని గంగులప్ప పెట్టేశాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

టమోటా మార్కెట్లో కాయలు ఏరే పనికి కుదిరాడు. దెబ్బతిన్నవి ఒక పక్క, మంచివి ఒక పక్క. పుల్లటి రసానికి వేళ్లు పగిలి, క్లారినెట్ రంధ్రాలు సరిగా మూయడం రాకుండా పోయింది. అయినా మార్కెట్ సెలవునాడల్లా ఊరి బయట కొండ కిందికి పోయి ఊదేవాడు. రబియా ఒకసారి అడిగింది.

"ఇంకెవరి కోసం జీ?"

"ఒకామె ఉండాది" అన్నాడు. "మాటిచ్చినాను."

పద్నాలుగు నెలలు అట్లాగే గడిపాడు. ఇక పెళ్లిళ్లు లేవు, ఎర్రకోటు లేదు, తల్లులు అడగడం లేదు. మిగిలిందల్లా ఒక్క ముసలిచెవి. ఆ ఒక్క రోజు బాగా ఊదితే తాను ఇంకా ఊదేవాడే. ఆ రోజు కోసం పెదవిని దాచుకున్నాడు. ఒక ముసలిదాని చావు కోసం ఎదురుచూస్తున్నానే అని ఒక్కోసారి సిగ్గేసేది. సిగ్గుపడుతూనే ఎదురుచూశాడు.

ఒక పొద్దున పుంగనూరు నుంచి కాయ తెచ్చిన లారీ డ్రైవర్ ప్రతాప్ కబురు చెప్పాడు. శ్రీనివాసులు మండీ మూశారట, తల్లి పోయిందట, మధ్యాహ్నానికి ఎత్తుతారట.

ముక్తియార్ తట్ట అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాడు. రబియా తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ, "పిలవని పేరంటానికి పోతాండావు. కాళ్లు ఇరగ్గొడతానన్నోళ్ల ఇంటికి" అంది. అంటూనే గుండీలు తానే పెట్టింది. బస్సెక్కగానే క్లారినెట్ రీడును, ఊదితే పలికే ఆ రెల్లుపుల్లను, నోట్లో వేసుకుని నానబెట్టుకుంటూ కూర్చున్నాడు. పిలుస్తారేమో, కనీసం పొమ్మనరేమో. దింపుడు కళ్లం ఆశ అంటారే, అదే.

పుంగనూరులో దిగేసరికి ఊరేగింపు వీధిలోకి వచ్చేసింది. ముందు పూలు చుట్టిన వ్యాను, దాని మీద రెండు పెద్ద స్పీకర్లు. అందులోంచి క్లారినెట్ వినబడుతోంది. ఎవర్నో పిలిపించారు, మంచివాణ్నే పిలిపించారు అనుకున్నాడు ముక్తియార్, కడుపులో మంటతో. నాలుగడుగులు వేశాక గానీ అది తన ఊపిరేనని తెలియలేదు.

వ్యాను ముందుసీటులో గిరీష్ ఉన్నాడు, అదే వీడియో కుర్రవాడు. ముక్తియార్‌ను చూసి తల బయటికి పెట్టాడు.

"భాయ్, నువ్వా! ఆ ముసలామె నాలుగు దినాలు పోరింది, ఆ సాయిబును పిలిపిచ్చండి, పిలిపిచ్చండి అని. ఇంట్లో అంబికక్క బాలింత. నువ్వు గడప తొక్కితే బిడ్డకు మంచిది కాదని మాధవీలతమ్మ ఒప్పుకోలా. అందుకని నా పెళ్లి వీడియోలో ఉండే ముక్కను కోసి పెట్టమన్నారు. సావుకైతే ఆ పాట మంచిదే గదా." వాడి మొహంలో కుళ్లేమీ లేదు. "నువ్వు రాకపోయినా నీ పాట వచ్చేసింది, సూడు."

పాట చివరికి వచ్చింది. స్పీకర్లోంచి కర్ర పడిన చప్పుడు, ఆ వెంటనే బయ్యమ్మ గొంతు. "ఈ పాటే! మా అన్నను సాగనంపిన పాట ఇదే గదప్పా! ఈ సాయిబే! ఈ సాయిబే!" చెంపదెబ్బకు ముందే గిరీష్ కోసేశాడు. పాట మళ్లీ మొదటికి వచ్చింది. చచ్చిన మనిషి మాట్లాడడం విని ఆడవాళ్లు ఘొల్లుమన్నారు.

ముక్తియార్ గుంపు అంచున నడిచాడు. ఊరు దాటాక దింపుడు కళ్లం దగ్గర పాడెను దింపారు. గిరీష్ స్పీకర్ ఆపాడు. శ్రీనివాసులు తల్లి చెవి దగ్గర వంగి "అమ్మా" అన్నాడు. మూడోసారికి తల్లి చెంపకు చెంప ఆనించాడు. పెద్దమనిషి నిజంగానే ఏడుస్తున్నాడు.

ఆ నిశ్శబ్దం తనదే అనుకున్నాడు ముక్తియార్. రీడు బిగించి, క్లారినెట్ ఎత్తి, మొదటి వరస ఊదాడు. కొంచెం గరగరలాడింది గానీ పలికింది. ఊపిరి తీసుకుని రెండో వరస ఎత్తుకునేలోగా, పిలుపులు అయిపోయాయని గిరీష్ స్పీకర్ వేశాడు.

రెండు గుక్కల సేపు ఇద్దరూ కలిసి ఊదారు, పెళ్లినాటి ముక్తియార్, టమోటాల ముక్తియార్. పెళ్లినాటివాడు స్వరాన్ని తెగకుండా సాగదీసిన చోట ఇక్కడ పెదవి జారింది. పగిలిన వేలి సందున గాలి పోయింది. స్పీకర్లోని వాడు తనకంటే బాగా ఊదుతున్నాడు. అది గుర్తించడానికి ఆ చోట సమర్థుడు ఒక్కడే ఉన్నాడు, వాడు ముక్తియార్. క్లారినెట్ దించేశాడు.

పాడె లేపబోతూ శ్రీనివాసులు చూశాడు. కాళ్లు విరగ్గొట్టలేదు, కనీసం కోప్పడలేదు. కండువాతో కళ్లు తుడుచుకుని, దారికి అడ్డమొచ్చిన మనిషితో మాట్లాడినట్లు మెల్లగా అన్నాడు.

"పాట వస్తాండాది గదప్పా. నువ్వెందుకు మళ్లా?"

"ఆయమ్మకు మాటిచ్చినాను."

"ఆ మాట తీరిపాయ. పక్కకు జరుగు."

ముక్తియార్ పక్కకు జరిగాడు. పాడె అతన్ని దాటింది, వ్యాను దాటింది. పాట చివరికొచ్చి, కర్ర చప్పుడై, బయ్యమ్మ గొంతు పొలాల మీదుగా మోగింది. "ఈ సాయిబే! ఈ సాయిబే!" జనమంతా తలెత్తి స్పీకర్ వైపే చూశారు. వెనక రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి వైపు ఒక్కరూ తిరగలేదు.